చీకటి తెర: సోప్రానో కథాంత విచారము

2007వ సంవత్సరము జూను 10వ తేది రాత్రి అమెరికాలో సుమారు ఒక కోటి పందొమ్మిది లక్షలమంది ప్రేక్షకులు తమ టెలివిజను పెట్టెల ముందు గూర్చుండి యుండగా తెర హఠాత్తుగా నల్లనయ్యెను. శబ్దము కూడ నిలిచిపోయెను. వారిలో ననేకులు కేబులు ప్రసారము చెడినదనుకొని కంపెనీవారిని నిందించిరి. సుమారు పది సెకనుల పిమ్మట, సంగీతమేమియు లేకయే, నటుల పేరులు తెరపైకి రాసాగెను. చెడినది ప్రసారము కాదనియు, కథయే ముగిసినదనియు అప్పుడుగాని వారికి తెలియలేదు. ఎనిమిది సంవత్సరములుగా తాము వెంబడించి వచ్చిన కథానాయకుడు బ్రతికెనో చచ్చెనో చెప్పకయే గ్రంథకర్త తలుపు మూసికొనెను. ఆ రాత్రి పుట్టిన వివాదము నేటికిని చల్లారలేదు. ఇది పరదేశీయుల వినోదవిషయమని త్రోసివేయుటకు వీలు లేదు. చెప్పినదానినిబట్టి చెప్పనిదానిని గ్రహించుట యెట్లు, అట్లు గ్రహించుటకు మనకు గల యధికారమెంత యను ప్రశ్న యిందు గలదు. ఆ ప్రశ్న మన యాలంకారికులకును, మన న్యాయవాదులకును కూడ చిరపరిచితమే.

‘ది సోప్రానోస్’ అను నీ నాటకమును చూడని పాఠకుల సౌకర్యార్థము కథను నాలుగు మాటలలో చెప్పెదము. న్యూజెర్సీ రాష్ట్రమున ఇటలీ సంతతికి చెందిన మాఫియా ముఠాకు టోనీ సోప్రానో నాయకుడు. ఇంట భార్య కార్మెలా, కుమార్తె మెడో, కుమారుడు ఏ.జె. గల గృహస్థు. బయట వడ్డీవ్యాపారము, జూదము, బెదిరింపు, హత్య వృత్తిగా గలవాడు. ఇట్టివానికి ఉన్నట్టుండి ఊపిరి యాడక మూర్ఛలు వచ్చుట మొదలు కాగా డాక్టరు మెల్ఫీ యను మనోవైద్యురాలి యొద్దకు రహస్యముగా పోవుచుండును. డేవిడ్ ఛేజ్ సృష్టించిన ఈ నాటకమును హెచ్.బి.ఓ. సంస్థవారు 1999 జనవరి మొదలుకొని ఆరు సీజనులుగా, 86 భాగములుగా ప్రసారము చేసిరి. టోనీ పాత్రను ధరించిన జేమ్స్ గాండొల్ఫీని 2013 జూను 19వ తేదిని రోము నగరమున, తన యేబదియొకటవ యేట, కాలధర్మము నొందెను. నటుడు పోయిన పిమ్మటను పాత్ర పోయెనా యని జనులు తగవులాడుచునే యున్నారు. కడపటి భాగమునకు ‘మేడ్ ఇన్ అమెరికా’ యని పేరు. దానిని వ్రాసినవాడును దర్శకుడును ఛేజే. ఆ రచనకు ఆ సంవత్సరమే ఎమ్మీ బహుమానము గూడ వచ్చినది.

ఇక ఆ చివరి దృశ్యము. బ్లూంఫీల్డు పట్టణమున హోల్‌స్టెన్స్ అను నొక సామాన్యమైన ఫలహారశాల. టోనీ ముందుగా వచ్చి బల్లయొద్ద గూర్చుండి, బల్లపైనున్న పాటలపెట్టెలో జర్నీ బృందమువారి 1981 నాటి పాట యొకటి పెట్టుకొనును. తలుపు తెరచినపుడెల్ల గంట మ్రోగును. గంట మ్రోగినపుడెల్ల అతడు తలయెత్తి చూచును. భార్య వచ్చును. మెంబర్స్ ఓన్లీ రకపు చొక్కాకోటు తొడిగిన యపరిచితుడొకడు వచ్చును. వాని వెనుకనే కుమారుడు. ఆ యపరిచితుడు కౌంటరువద్ద గూర్చుండి రెండు మూడు మారులు వీరివైపు చూచి, కొంతసేపటికి లేచి మరుగుదొడ్డిలోనికి పోవును. బల్లమీదికి ఉల్లిచక్రముల వేపుడు వచ్చును. ముఠాలోని కార్లో యనువాడు ప్రభుత్వపక్షమున సాక్ష్యమీయబోవుచున్నాడని టోనీ భార్యకు మెల్లగా చెప్పును. వెలుపల మెడో తన కారును రెండు కార్ల నడుమ నిలుపలేక ముందుకు వెనుకకు నడుపుచుండును. ఎట్టకేలకు నిలిపి వీథి దాటి పరుగెత్తుకొని వచ్చును. గంట మ్రోగును. టోనీ తలయెత్తును. అంతలో చీకటి. పాటయు నడుమ తెగిపోవును.

ఇంతే. తుపాకి కనబడలేదు, నెత్తురు కారలేదు, కేక వినబడలేదు. అయిదు నిమిషములకు లోబడిన యీ దృశ్యముపై వ్రాయబడిన వ్యాఖ్యానములు మాత్రము మన పంచకావ్యముల వ్యాఖ్యానములతో పోటీపడగలవు. హోల్‌స్టెన్సులో ఆ కుటుంబము గూర్చున్న ఆసనములనే 2024లో ఒకరు వేలములో 82,600 డాలరులకు కొనిరన్నచో, ఈ విషయమున ఆ జనులకు గల పట్టుదల యెట్టిదో పాఠకులే యూహింతురు గాక.

వివాదకులు రెండు తెగలుగా నున్నారు. చచ్చెనని యొక తెగ. బ్రతికెనని, కాదేని యా ప్రశ్నయే తప్పని యింకొక తెగ. మొదటివారిలో కొందరు సబిన్‌స్పెక్టరు పంచనామా వ్రాసినట్లు తెరపైని ప్రతివస్తువును లెక్కపెట్టిరి: ఎవని టోపీ యెట్టిది, ఎవడు ఏ బల్లయొద్ద గూర్చుండెను, గోడపై నేమి వ్రేలాడుచున్నది. రెండవవారిలో కొందరు, ఏది యెట్లు తోచిన నట్లే యనుకొనవచ్చునని చేతులు దులుపుకొనిరి. మొదటిది సూక్ష్మదృష్టి కావచ్చును గాని, సూక్ష్మదృష్టి వేఱు, రసదృష్టి వేఱు. రెండవది ఔదార్యమువలె కనబడును గాని మా మతమున సోమరితనమునకు మారుపేరు.

అసలు వ్రాసినవానినే యడిగిన తీరిపోవును గదా యని కొందరందురు. అడిగిరి. అడిగినకొలది చిక్కు పెరిగినది. ప్రసారమైన మరునాటి ప్రాంతమున న్యూజెర్సీలోని స్టార్-లెడ్జరు పత్రికతో మాటాడుచు ఛేజ్, తాను దీనిని వివరింపబోననియు, ఉన్నదంతయు తెరపైననే యున్నదనియు చెప్పెను. 2014లో ఒక రచయిత్రి యడుగగా టోనీ చావలేదనెనని ప్రచురింపబడెను. వెంటనే ఆయన పక్షమువారు ఆ మాటను తప్పుగా గ్రహించిరని ప్రకటించిరి. 2019లో వెలువడిన గ్రంథమునకై ఇరువురు విమర్శకులతో సంభాషించుచు ఆ దృశ్యమును ‘మరణదృశ్య’మని నోరుజారి, వారు దానిని పట్టుకొనగా వారినే తిట్టెను. 2021లో మరల మాటాడుచు, మొదట తాను తలచినది వేఱొక ముగింపనియు, అందు టోనీ లింకను సొరంగముగుండా న్యూయార్కుకు సమావేశమునకై పోయి యచట చంపబడవలసియుండెననియు చెప్పెను. ప్రతి భాగారంభమునను టోనీ ఆ సొరంగమునుండి వెలువడి న్యూజెర్సీలోని తన యింటికి చేరుట చూపబడును. కావున అదే దారిని వెనుకకు నడిపించి ముగింపవలెనని యాయన తలంపు కాబోలు. అది సొగసైన యూహయే. కాని ఆ యూహను విడిచిపెట్టినవాడును ఆయనయే గదా!

గ్రంథకర్త పిమ్మట చెప్పిన మాట యెంతవరకు ప్రమాణము? భూవసతి గలిగి దస్తావేజుల వ్యవహారము తెలిసిన మన పాఠకులకు దీనిని విపులముగా చెప్పనక్కరలేదు. 1872 నాటి సాక్ష్యచట్టమున 93వ సెక్షనుగా నుండి, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున గూడ నిలిచియున్న నియమమొకటి కలదు. దస్తావేజులోని భాష పైకి చూచినంతనే సందిగ్ధముగా నున్నయెడల, దాని యర్థమును స్థాపించుటకు బయటి సాక్ష్యమును చేర్చరాదు. పాతచట్టమున నిచ్చిన యుదాహరణమే చాలును: గుఱ్ఱమును వేయి రూపాయలకో పదునైదువందల రూపాయలకో అమ్మెదనని యొకడు వ్రాసి యిచ్చెను. ఏ వెల యను విషయమున ఎవ్వరి సాక్ష్యమును చెల్లదు. వ్రాసినవాడు స్వయముగా వచ్చి ప్రమాణము చేసినను చెల్లదు. ఛేజ్ వ్రాసి యిచ్చిన దస్తావేజు ఈ తరగతికి చెందినదే. అందుచేత 2014లో నేమనెను, 2021లో నేమనెను అను నోటిసాక్ష్యములను మేము ప్రక్కకు నెట్టి, దస్తావేజునే చదువబూనుచున్నాము. ఒకటి మాత్రము నిజము: పై నియమమునుబట్టి న్యాయాధిపతి సందిగ్ధమైన దస్తావేజును త్రోసిపుచ్చవచ్చును, కావ్యపాఠకుడు త్రోసిపుచ్చజాలడు. అతడు లోపలి సాక్ష్యముతోనే నిర్ణయము చేయవలసియున్నది.

లోపలి సాక్ష్యమేమున్నది? బలమైనది మూడు తావుల నున్నది. చివరి సీజనులో టోనీయు అతని బావమరది బాబీయు ఒక సరస్సులో పడవపై గూర్చుండి తమ వృత్తిలో వచ్చు చావునుగూర్చి మాటాడుకొందురు. అది వచ్చినపుడు బహుశః చప్పుడైనను వినబడదేమో యని బాబీ యనును. కడపటినుండి రెండవ భాగములో, బొమ్మరైళ్ల దుకాణమున ఆ బాబీయే కాల్పులకు కూలును. ఆ రాత్రి యొక రహస్యగృహమున తుపాకి గుండెలకానించుకొని పరుండిన టోనీకి పడవమీది సంభాషణము జ్ఞప్తికి వచ్చును. కథకు కడపటి మెట్టున, వేఱే పనియేమియు లేని యా జ్ఞాపకమును చొప్పించుట రచయిత నిర్లక్ష్యముగా చేసిన పని కాదు. ఇది మొదటి సాక్ష్యము.

రెండవది ఇంకను సూక్ష్మమైనది. అదే సీజనులో ఒక భోజనశాలలో సిల్వియో యను టోనీ మంత్రి యొకనితో గూర్చుండి భుజించుచుండగా ప్రక్కవానిని ఎవడో కాల్చివేయును. అచట కాల్పు చప్పుడు మొదట వినబడదు. సిల్వియో ముఖముపై నెత్తురు పడును. ఏమి జరిగినదో తెలియక అతడు తెల్లబోవును. ఆ తరువాతగాని శబ్దము చెవికి రాదు. ప్రక్కనున్నవాని యనుభవమే యిట్లున్నప్పుడు, తగిలినవాని యనుభవ మెట్లుండునో ప్రేక్షకుడే లెక్క వేసికొనవలెను. పడవలో మాటగా చెప్పినదానిని ఇచట చేసి చూపిరి.

మూడవది కెమేరా నడక. హోల్‌స్టెన్సులో గంట మ్రోగుట, టోనీ తలయెత్తుట, పిదప టోనీ చూచిన వస్తువు మనకు కనబడుట: ఈ క్రమము మరల మరల వచ్చి ప్రేక్షకునికి తెలియకయే అలవాటుగా మారును. చివరిమారు గంట మ్రోగినది; టోనీ తలయెత్తెను; పిదప మనకు కనబడవలసినది టోనీ చూచినది. కనబడినది నలుపు. వ్యాకరణముచేత తీసిన యర్థమిది. మూడు వాక్యములలో ఒకే యన్వయము పొందిన పదము నాలుగవ వాక్యమున గూడ అట్లే యన్వయింపవలసియున్నది. అంతకు మించి, మరుగుదొడ్డిలోనికి పోయిన యపరిచితునిగూర్చి చెప్పుట యనవసరము. 1972 నాటి ‘గాడ్‌ఫాదర్’ చిత్రమున మైకేలు మరుగుదొడ్డినుండియే తుపాకి తెచ్చి భోజనము చేయుచున్న శత్రువులను కాల్చెనని యెరుగని మాఫియా కథాభిమాని లేడు. సోప్రానో ముఠావారు స్వయముగా ఆ చిత్రమును జపించువారే.

ప్రతిపక్షమువారి వాదము తేలికైనది కాదు. న్యూయార్కు ముఠాతో సంధి యప్పటికే కుదిరినది, టోనీ ప్రధానశత్రువు ఫిల్ లియోటార్డో అదే భాగములో హతుడయ్యెను, ఇక చంపదలచినవాడెవడు? ఆ యపరిచితునికి పేరు లేదు, పూర్వకథ లేదు. భార్యాపుత్రుల ముందర చంపరాదను మర్యాద మాఫియాలో కలదందురు. ఈ చివరి మాటకు సమాధానము ఆ భాగములోనే యున్నది. ఫిల్‌ను పెట్రోలు బంకువద్ద భార్య చూచుచుండగా, కారులో పసిపిల్లలుండగా, టోనీ మనుష్యుడే కాల్చెను. మర్యాదను ముందుగా మీరినవారు తామే. చంపినవానికి పేరు లేదనుట యాక్షేపణ కాజాలదు. టోనీ ఎనిమిదేండ్లలో తాను చంపించినవారి బంధువులందరి పేరులును జ్ఞాపకముంచుకొనెనా? అయినను ఇంకొక పఠనము మాకు గౌరవాస్పదముగా తోచుచున్నది. ఆ రాత్రి గుండు వచ్చెనో రాలేదో. నేరారోపణ పత్రము మరునాడు వచ్చునో రాదో. గంట మ్రోగినపుడెల్ల తలయెత్తవలసిన బ్రతుకే అతనికి శిక్ష యని కొందరందురు. ఇది అందమైన వ్యాఖ్యానము. కాని అట్టి యర్థమే యుద్దేశమైనచో తలయెత్తిన ముఖముతోనే చిత్రము ముగిసిన చాలును. పది సెకనుల నిశ్శబ్దాంధకారముతో పని లేదు. ముఖమును చూపుట వేఱు, ముఖము చూచినదానిని చూపుట వేఱు. కావున అతడు ఆ బల్లయొద్దనే మరణించెననుటయే మా నిర్ణయము.

అయినచో దానిని చూపక దాచుటయేల? ఇచట మన శాస్త్రము కొంత వెలుగు నీయగలదు. పదియవ శతాబ్దమున మాళవమున ముంజరాజు నాశ్రయించిన ధనంజయుడు దశరూపకమున వధాదులను ప్రత్యక్షముగా చూపరాదనియు, ప్రధాననాయకుని వధ యెచటను కూడదనియు విధించెను. ఈ నియమమును మన యాధునికులు పిరికితనముగా నెంచుట కలదు. నియమమును మీరిన నాటకమొకటి మనకు చిక్కినది: 1912 ప్రాంతమున తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు ప్రకటించిన భాసనాటకచక్రములోని ఊరుభంగము. అందు తొడలు విరిగిన దుర్యోధనుడు రంగస్థలముననే ప్రాణములు విడుచును. ప్రాణము పోవు క్షణమున అతడు తనకు కనబడుచున్నవానిని చెప్పును: శంతనుడు మొదలైన పితృపితామహులు, కర్ణుడు, తమ్ములు, ఊర్వశ్యాది యప్సరసలు, తన్ను గొనిపోవుటకు వచ్చిన వీరవిమానము. ప్రక్కనున్నవారికి అవి కనబడవు. చచ్చువాని కన్నులతోనే మనము చూతుము. పాపిష్ఠుడైనను అతనికి కడపట చూచుటకు కొంత గలదు.

న్యూజెర్సీ దుర్యోధనునికి ఆ భాగ్యము లేదు. అతని కన్నులతోనే చూచితిమి, ఉన్నది నలుపు. పితరులు లేరు, తమ్ములు లేరు, విమానము లేదు. 2006లో పెదతండ్రి జూనియరు మతిభ్రమముచే కాల్చగా అతడు స్పృహ తప్పి కొన్నాళ్లుండి, మరల బ్రతికి, ఇకపై ప్రతిదినమును వరముగా భావింతునని చెప్పియుండెను. ఆ మాట యెన్నాళ్లు నిలిచినది? 2007లో, కారు ప్రమాదమున గాయపడి ఊపిరాడని క్రిస్టఫరును, తాను కొడుకువలె పెంచినవానిని, ముక్కు మూసి చంపెను. మొదటి సీజను చివర, 1999లో, తుపానురాత్రి దీపము లేని హోటలులో బిడ్డలతో భోజనము చేయుచు, ఇట్టి మంచి ఘడియలను జ్ఞాపకముంచుకొనుడని వారికి చెప్పినవాడును ఇతడే. హోల్‌స్టెన్సులో ఏ.జె. ఆ హితవును జ్ఞప్తికి దేగా, ఆ మాట తానే యన్నట్లు టోనీకి వెంటనే స్ఫురింపదు. ఈ చిన్న విషయము మా కన్నులకు ఆ దృశ్యమంతటిలో మిక్కిలి భయంకరమైనది.

తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున ఆనందవర్ధనుడు వాచ్యము వేఱు, వ్యంగ్యము వేఱు అని స్థాపించుచు చూపిన యుదాహరణమొకటి ప్రసిద్ధము. ఏటియొడ్డున తిరుగు సాధువుతో నొక స్త్రీ, నీవు భయపడు కుక్కను సింహము చంపినది, నిర్భయముగా తిరుగుమనును. మాట యనుమతి, భావము నిషేధము. సింహము తిరుగుచోట ఎవడు తిరుగును? ఛేజ్ చేసినదియు నిట్టిదే. మాటలో కుటుంబము సుఖముగా భుజించుచున్నది, పాట యుత్సాహముగా మ్రోగుచున్నది. భావములో సింహమున్నది. వస్తువును ఊహించుటకే పదునేడు సంవత్సరములకు పైగా వాదులాడినవారు, ఆ అయిదు నిమిషములలో తమ గుండె యేల దడదడలాడెనో యడుగలేదు. కారు నిలుపలేక యొక యువతి తంటాలు పడుచుండగా ప్రాణములు కుత్తుకకు వచ్చుట యేమి? రసము అచటనే నిష్పన్నమైనది.

అయినను ధ్వని సొంపుకొరకే దాచెనని మేము తలపము. ప్రేక్షకులపై నొక యభియోగము గూడ నున్నది. 1999లో అయిదవ భాగమున టోనీ తన కుమార్తెకు కళాశాలలు చూపుటకై మెయిన్ రాష్ట్రమునకు తీసికొనిపోయి, ఆ సందున, పూర్వము ముఠాకు ద్రోహము చేసి దాగియున్నవాని నొకనిని తన చేతులతో ఉరిబిగించి చంపును. ఇట్టిది చూచినచో జనులు నాయకుని రోయుదురని హెచ్.బి.ఓ. యధికారులు భయపడిరి. ఛేజ్ పట్టుపట్టెను. జనులు రోయలేదు, మఱింత మక్కువతో చూచిరి. 2004లో ఏడ్రియానా యను నిర్దోషప్రాయురాలిని అడవిలో చంపునపుడు కెమేరా ఆమెనుండి మరలి పోయినది. దేహము కనబడలేదు గావున ఆమె బ్రతికియుండునని కొందరు నెలల తరబడి యాశపడిరి. ఇట్లు ఎనిమిదేండ్లు టోనీ చేసిన ప్రతి పనికిని ఫలహారము చేయుచు చప్పట్లు కొట్టినవారే, కడపట అతడు తమ కన్నులయెదుట నెత్తుటిలో పడవలెనని కోరిరి. ఈ విపరీతమునుగూర్చి ఛేజ్ బాహాటముగనే విసుగుకొనెను. చావును చూచినచో ప్రేక్షకుడు న్యాయము జరిగినదని చేతులు కడుగుకొని నిద్రపోవును. ఆ చేతులు కడుగుకొను నీటిని ఆయన ఇయ్యలేదు.

నాటకములో మన ప్రతినిధి యొక్కతె కలదు: మెల్ఫీ. ఆమెయు మనవలెనే యేండ్లతరబడి టోనీ కథలను వినెను, జాలిపడెను, కొంత మోహమును పడెను. సంభాషణరూపమైన చికిత్స యిట్టి నేరస్థులను బాగుచేయదు, మఱింత నేర్పరులనే చేయునని చెప్పు పరిశోధన యొకటి సహవైద్యులు చూపగా, కడపటినుండి రెండవ భాగములో అతనిని పంపివేసి తలుపు మూసెను. తాను విన్నది వైద్యమునకా, వినోదమునకా యను సందేహము ఆమెకు కలిగినది. మరుసటి వారము మనకు కలుగవలసినది అదే సందేహము. ఆమె తలుపు తానే మూసికొనెను. మనము మూయలేదు గావున మన తలుపును రచయిత మూసెను.

ఇంత వాదములోను ఎవ్వరును సరిగా ఆలోచింపని మనిషి యొకతె మిగిలియున్నది. టోనీకి చీకటి, చీకటిలో ప్రశ్నలు లేవు. కాని ఆ గదిలో చీకటి అతనికొక్కనికే. దీపములు వెలుగుచునే యున్నవి, బల్లయొద్ద భార్యయు కుమారుడును కూర్చుండియే యున్నారు, తలుపు తెరచిన చేయి మెడోది. మెయిన్ రాష్ట్రమున కారులో తండ్రి ప్రక్కన గూర్చుండి, నీవు మాఫియాలోనివాడవా యని సూటిగా అడిగినది ఈ పిల్లయే. కడపటి భాగములో, తాను వైద్యము విడిచి న్యాయశాస్త్రమును చేపట్టుట, ఎఫ్.బి.ఐ. వారు తండ్రిని ఇంటనుండి ఈడ్చుకొనిపోవుట చూచుటచేతనే యని ఆయనతోనే చెప్పినదియు ఈమెయే. ప్రభుత్వము వ్యక్తిని నలిపివేయునని ఆమె నమ్మకము. తండ్రి నలిపినవారి లెక్క ఆమె యెరుగదు, ఎరుగుటకు ఇష్టపడలేదు. కారు మూడవ ప్రయత్నమున నిలిచినది. ఒకటవ ప్రయత్నముననే నిలిచియుండినచో ఆమె తండ్రి ప్రక్కన గూర్చుండియుండును. ఇప్పుడు గుమ్మమునొద్ద, గదియంతయు కనబడుచోట, నిలిచియున్నది.